సగానికి మరిగిన నీళ్లు

మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే తోవలో రోడ్డు దిగి లోపలికి ఒక కిలోమీటరు నడిస్తే మా గులాబీ తోట, తోటలోనే ఇల్లు, ఇంటి వెనక బోరు. ఊళ్లోకి నల్లా పైపు వచ్చింది గాని తోటల దాకా రాలేదు. రానందుకు నాకేం ఫికర్ లేకపోయింది. నల్లా ఉన్నవాళ్లే, నీళ్లు మందు వాసన కొడుతున్నాయని వాటిని బర్రెలకు పెట్టి, తాగడానికి మా బోరు కాడికి బిందెలు పట్టుకుని వచ్చేవాళ్లు. క్రిస్మస్ నాడు చర్చిలో వంటకు మా నీళ్లే. మా ఇంట్లో చాయ్ తాగి ఏ పొడి వాడుతున్నారని అడిగినవాళ్లు ఉన్నారు. పొడి కాదు, నీళ్లు అని చెప్పేటప్పుడు నా ముఖం చూడాలి.

నాకు నోరెక్కువ. ఎవరో అనడం ఎందుకు, నేనే ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేసి రిటైరైన మనిషికి నోరు లేకపోతే ఎట్లా? మా ఊళ్లో ఇప్పుడు మీసాలు దువ్వుకుంటున్న వాళ్లలో సగం మంది నా చేతి ఉడికించిన గుడ్డు తిని పెరిగినవాళ్లే. వాళ్ల తల్లులకు నేను చెప్పిన మొదటి పాఠం, కాచి చల్లార్చిన నీళ్లు తాగండని. ఎవరి ఇంట్లోనైనా పచ్చి నీళ్లు తాగుతూ దొరికారా, ఇక ఆ రోజు వాళ్ల పని అయిపోయినట్టే.

ఆ పాఠానికి మా అత్త నేర్పిన తోక ఒకటి ఉంది. పసిపిల్లలకు, బాలింతలకు నీళ్లు మామూలుగా కాస్తే సరిపోదు, గంజు నిండా పోసి సగమయ్యేదాకా మరిగించాలి. సగం పోయిందంటే నీళ్లలో ఉన్న దోషమంతా పోయినట్టు, మిగిలిన సగం మందుతో సమానం అనేది ఆమె. అందుకని ఒక ఇత్తడి గంజు లోపల, సరిగ్గా నడుమ, మేకుతో గీత గీసి పెట్టింది. నా ఇద్దరు పిల్లలూ ఆ గీత దాకా దిగిన నీళ్లతోనే పెరిగారు. పెద్దల మాట చద్దిమూట అంటారు కదా, నేను ఆ మూటను ఊరంతా పంచిపెట్టాను.

మా బిడ్డ అత్తగారిల్లు శంకర్‌పల్లి. మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పుట్టిన మూడో రోజు నుంచే మా బిడ్డకు జ్వరం పట్టుకుంది. లోపల చీము పట్టిందని దవాఖానలో పెట్టి గట్టి మందులు ఇచ్చారు. ఆ మందులు తీసుకుంటున్నన్నాళ్లు పిల్లకు పాలు ఇవ్వొద్దన్నారు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దని ముప్పై ఏళ్లు గొంతు చించుకున్న దాన్ని, నా మనుమరాలికి పాలపొడి డబ్బా తెచ్చుకోవలసి వచ్చింది. తలకొట్టేసినట్టయింది. జ్వరం తగ్గేసరికి మా బిడ్డకు పాలు కూడా తగ్గిపోయాయి, డబ్బా అట్లాగే కొనసాగింది. సరే, పొడి ఎవరి చేతుల్లోనో తయారైనా నీళ్లు మావే కదా అని నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను. అటక మీద నుంచి ఇత్తడి గంజు దించి, చింతపండుతో తళతళా తోమాను.

నెల రోజులు ఆ పని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పొద్దున ఒక గంజు, సాయంత్రం ఒక గంజు. గీత దాకా దిగితే తప్ప పొయ్యి ఆపేదాన్ని కాదు. ఒకరోజు మా ఆయన గ్యాస్ దండగ కదా అన్నందుకు ఆయనకు ఆ పూట కూర లేకుండా చేశాను. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, మజ్జిగ పోసుకుని తినేసి తోటలోకి పోయాడు.

పిల్ల రంగు మారడం నేను చూశాను. చూసి కూడా గుర్తుపట్టలేదు. బూడిద పూసినట్టు ఉండేది ముఖం. చల్లగాలి తగిలిందనుకున్నాను. నూనె పెట్టి నలుగు పెట్టాను. పాలు సగం తాగి వదిలేస్తుంటే, నిద్ర మొహం పిల్ల అని ముద్దు చేశాను. పెదాలు నేరేడు పండు తిన్నట్టు అవుతున్నాయని మా బిడ్డ రెండుసార్లు అంది. తల్లివి కదా, నీకు అన్నీ భయాలే అని దాని నోరు మూయించాను.

నా చేత మూయించుకోని నోరు ఒక్కటే ఉంది. మా తోటను ఆనుకుని ఇళ్ల వెంచర్ ఒకటి వచ్చింది. అందులో ఒక ఇంట్లో కోస్తా నుంచి వచ్చిన ఆమె ఉంటుంది, నా ఈడుదే. కొడుకు సాఫ్ట్‌వేర్. ఆమె అక్కడ తమ వైపు నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేసి రిటైరైంది. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మర్యాదగా చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తే, తన సంచిలోంచి సొంత సీసా తీసి తాగింది. నా నీళ్లు ఉండగా, నా ఇంట్లో, నా ముందే. ఆ పూట నుంచి రెండేళ్లు నేను ఆమెతో పూల బేరం తప్ప వేరే మాట మాట్లాడలేదు.

ఆ రోజు చర్చికి గులాబీలు కావాలని వచ్చింది. పిల్ల నా ఒళ్లో ఉంది. పూల మాట మరిచిపోయి పిల్ల చెయ్యి పట్టుకుని గోళ్లు చూసింది, కింది పెదవి వేలితో లాగి చూసింది.

"టీచరుగారూ, పాలు కలిపే నీళ్లు ఎక్కడివండీ?" అంది.

"మా బోరువే. మీ గొంతు దిగని నీళ్లే" అన్నాను.

ఆ పోటును ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడే దవాఖానకు పదండి, కారు తెస్తున్నాను అని పరుగులాంటి నడకతో పోయింది. ఆమె ముఖం చూసి, పిల్లను దుప్పట్లో చుట్టి మా బిడ్డను కేకేశాను.

దవాఖానలో పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. పెట్టినా రంగు మారలేదు. మా బిడ్డ వయసే ఉన్న డాక్టరమ్మ సూదితో కొంచెం నెత్తురు తీసి తెల్లటి గాజుగుడ్డ మీద వేసింది. నెత్తురు ఎర్రగా ఉండాలి కదా. అది చిక్కటి చాయ్ డికాషన్ రంగులో ఉంది. గాలి తగిలినా ఎరుపెక్కలేదు. అప్పుడు ఆమె కూడా అదే ప్రశ్న అడిగింది, పాలు ఏ నీళ్లతో కలుపుతున్నారని. నేను కొంచెం గట్టిగానే చెప్పాను, బోరు నీళ్లే అయినా అట్లాగే పోయలేదు, గీత గీసిన గంజులో సగానికి మరిగించి పోశానని. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

 ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"అమ్మా, మరిగిస్తే క్రిములు చస్తాయి. మీ బోరు నీళ్లలో ఉన్నది నైట్రేట్ అయ్యుంటుంది, అది చావదు. అది నీళ్లలో కరిగిన ఉప్పు లాంటిది. నీళ్లే ఆవిరై పోతాయి, అది గంజులోనే మిగులుతుంది. సగం చేశారంటే రెట్టింపు చేసినట్టు."

పులుసు మరిగితే ఉప్పు కషాయమవుతుందని తెలియని ఆడది ఉంటుందా? నలభై ఏళ్లుగా వంట చేస్తున్న నాకు ఆ మాట ఇంకొకరు చెప్పవలసి వచ్చింది. పెద్దవాళ్లకైతే ఆ నీళ్లతో అప్పటికప్పుడు తెలిసే హాని కనబడదట. నెలల పిల్లల్లో మాత్రం అది నెత్తుటిని ఊపిరి మోయనివ్వకుండా చేస్తుందట. చికిత్సకు ఎక్కించిన మందు ముదురు నీలం రంగు. నీలంగా మారిన పిల్లకు నీలం మందేమిటని నేను కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. కళ్లు తెరిచేసరికి ప్రార్థన ఎంత దూరం వచ్చిందో గుర్తులేదు గాని, పిల్ల చెవి తమ్మెలు గులాబీ రంగుకు తిరుగుతున్నాయి. నా తోటలో ఇన్నేళ్లలో అంత మంచి గులాబీ రంగు పూయలేదు.

మూడు రోజులకు ఇంటికి పంపించారు. మా ఇంటికి కాదు. మా బిడ్డ మూటలు సర్దుకుంది. శంకర్‌పల్లి పోతానంది. సెలవు అయిపోయాక అది కొలువుకు పోవాలి, పిల్లను నా దగ్గరే ఉంచి పోవాలని మేం ఎప్పుడో అనుకున్నాం. నా రిటైర్మెంట్‌కు నేను పెట్టుకున్న పని అదొక్కటే. కారు ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నీ మీద కోపం లేదు. కాని పాప మీ ఇంటి నీళ్లు తాగది. ఆరో నెలల నీళ్లు మొదలువెట్టాలె గద, అప్పటిదాక చూస్త. అప్పుడు సుత గిట్లనే ఉంటే పాపను ఈడ ఉంచ."

కోపం లేదంటే ఇంకా బాధగా ఉంటుంది. నాలుగు మాటలు తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. కారు రోడ్డెక్కేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఇంట్లోకి పోయి గంజును పెరట్లోకి విసిరేశాను. ఇత్తడి కాబట్టి సొట్ట పడి బతికింది.

మరుసటి రోజు కోస్తా ఆమె ఇంటికి నేనే పోయాను. రెండేళ్లలో మొదటిసారి. అక్కా, మా నీళ్లు చూడాలి అన్నాను. ఆమె నా ముఖం చూసి ఎందుకని అడగలేదు, అలమారలోంచి చిన్న డబ్బా తీసుకుని చెప్పులేసుకుంది. డబ్బాలో కాగితం పట్టీలున్నాయి. నైట్రేట్ ఉంటే పట్టీ చివర గులాబీ రంగు ఎక్కుతుంది, ఎక్కువుంటే ముదురుతుంది. నాతో రెండు గ్లాసులు పెట్టించింది. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో అదే నీళ్లు సొట్ట గంజులో గీత దాకా మరిగించి చల్లార్చినవి. మొదటి పట్టీ గులాబీ అయింది. రెండోది దేశవాళీ గులాబీ ఎండినట్టు ముదురు ఎరుపయింది. లీటరుకు నలభై అయిదు మిల్లీగ్రాములు దాటకూడదట. మొదటి గ్లాసులోనే అంతకు రెట్టింపు ఉంది. రెండో గ్లాసు సంగతి నన్ను అడగొద్దు.

"ఇంత స్వచ్ఛంగ, ఇంత తియ్యగ ఉన్నయి గదా అక్క" అన్నాను.

"దీనికి రంగు ఉండదు, రుచి ఉండదు, వాసన ఉండదండీ" అంది. తర్వాత కొంచెం తటపటాయించి, వచ్చిన మొదటి రోజే బోరు పక్కన కుప్ప చూశానని చెప్పింది.

ఆ కుప్ప మా గులాబీలకు వేసే కోళ్ల పెంట. మా వైపు కోళ్ల ఫారాలకు లోటు లేదు. లారీ వెనక్కి తిరగడానికి బోరు పక్కనే జాగా ఉండటంతో ఏళ్ల తరబడి అక్కడే దించాం. వాన పడ్డప్పుడల్లా దాని సారం భూమిలోకి దిగింది. దాని మీద యూరియా. పది అడుగుల్లో మరుగుదొడ్డి గుంత. ఇంటి దీపమే కదా అని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా? చూసినదానివి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే కొడతారేమోనని భయం వేసింది అందామె. నవ్వుతూనే అంది. కాని అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. నా నోటికి జడిసి ఊళ్లో ఇంకెంతమంది ఎన్ని మాటలు మింగారో అని ఆ రోజు మొదటిసారి ఆలోచించాను.

అట్లాగని నేను వెంటనే బుద్ధిమంతురాలినయ్యానని కాదు. ముందు నా ఇంటి వైద్యాలన్నీ చేసి చూడాల్సిందే అన్నాను. పటిక తిప్పాను. మునగ గింజలు నూరి కలిపాను. బొగ్గు, ఇసుక, నాలుగు మడతల గుడ్డ వేసి వడపోశాను. కొవ్వొత్తి ఫిల్టర్‌లో పోశాను. ప్రతిసారీ నీళ్లు అద్దంలా మెరిశాయి, ప్రతిసారీ పట్టీ సిగ్గుపడ్డ పెళ్లికూతురిలా ఎర్రబడింది. కోస్తా అక్క గడప మీద కూర్చుని పల్లీలు వొలుచుకుంటూ చూసేది. బురద అయితే ఇవి పనిచేస్తాయండీ, ఇది కరిగిపోయినది, గుడ్డలో ఉప్పు నిలుస్తుందా అనేది.

ఆ ఉప్పు మాటే నన్ను పట్టుకుంది. గంజులో మిగిలేది నైట్రేట్ అయితే ఆవిరైపోయేది మంచి నీళ్లే కదా. దాన్నెందుకు పోనివ్వాలి? సొట్ట గంజులో నీళ్లు పోసి, నడుమ ఇటుక పెట్టి దాని మీద గిన్నె ఉంచి, పైన మూత బోర్లించి మూత మీద చల్లనీళ్లు పోశాను. ఆవిరి మూతకు తగిలి, చుక్కలై, గిన్నెలో పడింది. పట్టీ ముంచాను. నిమిషం ఆగాను. తెల్లగా ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలకు వర్షం ఎట్లా కురుస్తుందో చెప్పినదాన్ని, నా పొయ్యి మీద నేనే వర్షం కురిపించుకున్నాను. ఇద్దరం ఆ గ్లాసెడు నీళ్లను పట్టుకుని తోటంతా తిరిగి మా ఆయనకు చూపించాం. సంతోషం తీరాక ఆయన ఒక్క మాట అడిగాడు, గ్లాసెడు నీళ్లకు పొయ్యి ఎంతసేపు మండిందని. ఈసారి ఆయనకు కూర తీసెయ్యలేదు.

ఇల్లు నడవాలంటే ఇంకో దారి కావాలి. ఊళ్లకు ఊళ్లకు నీళ్లిచ్చే పెద్ద ప్లాంట్లలో నైట్రేట్‌ను తినే సూక్ష్మజీవులను పెంచుతారని అక్క చెప్పింది. అవి తిని దాన్ని గాలిగా మార్చి వదిలేస్తాయట. నీళ్లలో క్రిములను చంపడానికే జీవితమంతా ధారపోసినదాన్ని, ఇప్పుడు వాటిని పెంచమంటావా అన్నాను. ఇంటికి అది కుదరదులెండి అని నవ్వింది. తర్వాత ఆమె తన పాత స్నేహితులకు ఫోన్ చేసి తెప్పించినది రెసిన్. సగ్గుబియ్యమంత గుళికలు, తేనె రంగు. వాటిని లావు ప్లాస్టిక్ పైపులో నింపి పై నుంచి బోరు నీళ్లు వదిలాం. గుళికలు నైట్రేట్‌ను పట్టుకుని దానికి బదులు ఉప్పులోని భాగాన్ని వదులుతాయి. గుళికలు నిండినప్పుడు ఉప్పునీళ్లతో కడిగితే పట్టినది వదిలేసి మళ్లీ పనికొస్తాయి. కింద నల్లా తిప్పి పట్టీ ముంచితే తెల్లగానే ఉంది.

ఆ పూట అక్క మా ఇంట్లో, మా చెంబుతో, మా నీళ్లు తాగింది. చెంబు ఎత్తిపోసుకుని గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, నిజంగానే బాగుంటాయండీ మీ నీళ్లు అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

గెలిచానని తల ఎగరేశాను. అక్కడే దెబ్బతిన్నాను. పెంటకుప్ప కింద పరచడానికి బండలు కావాలని షాబాద్ పోయి, అక్కడ మా చెల్లెలింట్లో మూడు రోజులుండిపోయాను. ట్రాక్టర్ నిండా షాబాద్ బండలతో దర్జాగా దిగి పట్టీ ముంచితే ఎర్రగా ఉంది. గుళికలు ఎప్పుడో నిండిపోయాయి, కడిగేవాళ్లు లేరు. నిండినవి ఊరికే ఉండవట, పట్టినదాన్ని కూడా తిరిగి నీళ్లలోకి వదులుతాయట. అంతకన్నా ఘోరం, ముందు వారాలు కడిగిన ఉప్పునీళ్లు నేను పోసిన చోట ఒక వరుస గులాబీలు అంచులు మాడి నిలబడ్డాయి. మా ఆయన ఆ చెట్లను చూశాడు, నన్ను చూశాడు. ఏమన్నా అంటే బాగుండు అనిపించింది.

పిల్లకు ఆరు నెలలు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. చేవెళ్ల నుంచి ఆర్వో మిషన్ తెప్పించాం. దాని లోపలి పొర నీళ్లను నెట్టి దాటిస్తుంది, నైట్రేట్‌లో ఎక్కువ భాగాన్ని ఇవతలే ఆపేస్తుంది. పొర పాతబడితే పట్టీయే చెబుతుంది, కాబట్టి ప్రతి శనివారం పట్టీ ముంచాలని గోడ మీద రాసుకున్నాను. ఒక పైపులో తాగే నీళ్లు, ఇంకో పైపులో వదిలేసే నీళ్లు. వెంచర్‌లో వాళ్లందరూ ఆ రెండో పైపును మోరీలో వదులుతారు. నాకు మనసొప్పలేదు. అందులో ఉన్నది ఏమిటి? గులాబీలు అడిగేదే కదా. ముందు ఒకే వరుసకు పారించి చూశాం. నెలకు ఆ వరుస ఆకులు నల్లగా నిగనిగలాడాయి. మా ఆయన ఎప్పుడూ వేసే యూరియాలో సగం తగ్గించాడు, పూలు తగ్గలేదు. పిల్ల ప్రాణం మీదికి తెచ్చినదాన్ని పూల చెట్టుకు తిండిగా పెట్టాను. అంత సంతోషం నాకు రిటైరైన రోజు శాలువా కప్పినప్పుడు కూడా కలగలేదు. పెంటకుప్పను తోట ఆ చివరకు మార్చి, కింద బండలు పరిచి, చుట్టూ గట్టు కట్టి, పైన కవర్ కప్పాం.

ఇంట్లో నీళ్లు బాగయ్యాయి. ఊళ్లో నా మాట మాత్రం అట్లాగే తిరుగుతూ ఉంది. దానికి మిషన్ లేదు.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యం చెప్పడం ఉంటుంది. రోగం తగ్గినవాళ్లు, కొలువు దొరికినవాళ్లు లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. మనుమరాలు బతికిందని నేనూ సాక్ష్యం చెబుతానని అందరూ ఎదురుచూస్తున్నారు. లేచాను. 

"అందరికి వందనాలు. నీళ్లు కాచి తాగుండ్రి అని ముప్పై ఏండ్ల సంది మీకు చెప్పిన. అది తప్పు గాదు. పసిపిల్లలకు సగం దాక మరగబెట్టుండ్రి అని సుత చెప్పిన. అది తప్పు. ఆ నీళ్లే నా మనుమరాలికి తాపి దాని ప్రాణం మీదికి తెచ్చిన. మీ ఇండ్లల్ల ఎవరన్న గిట్ల చేస్తుంటే ఈ పొద్దే బందువెట్టుండ్రి. టీచరమ్మ చెప్పింది గదా అని చెయ్యకుండ్రి. టీచరమ్మకే తెల్వకపాయె."

కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు.  వెనక వరుసలో ఒక బాలింత పక్కన కూర్చున్న ఆమె అత్త ముఖం మాత్రం తెల్లబోయి ఉంది. ప్రార్థన అయ్యీ కాకముందే ఆ అత్త లేచి వెళ్లిపోయింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నానో లేదో, సీసాలో నీళ్లు పట్టుకుని తోటకు వచ్చింది. వాళ్లది కూడా తోట బోరే, వాళ్ల మనుమడికీ పాలపొడే. పట్టీ ఎర్రబడింది. పిల్లవాడి పెదాలు ఇంకా రంగు మారలేదు, అదొక్కటే దేవుడి దయ. ఆ రోజు నుంచి వాళ్లు మా ఆర్వో నీళ్లు తీసుకుపోయారు. పిల్లవాణ్ని దవాఖానలో చూపించారు, బాగానే ఉన్నాడన్నారు.

తర్వాతి ఆదివారం చర్చి అరుగు మీద సీసాల వరుస నిలబడింది. నేను, కోస్తా అక్క రెండు కుర్చీలు వేసుకుని పట్టీలు ముంచుతూ కూర్చున్నాం. తోట బోర్లలో చాలావరకు ఎరుపే. నల్లా నీళ్ల సీసాలో ముంచిన పట్టీ మాత్రం దాదాపు తెల్లగా ఉంది. మందు వాసన అని బర్రెలకు పెట్టిన నీళ్లే మంచివని తేలేసరికి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. మన బర్రెలు మనకన్నా తెలివిగలవి టీచరమ్మా అని ఒకామె అంది. ముప్పై ఏళ్లలో నన్ను ఎదురుగా వెక్కిరించిన మొదటి మనిషి ఆమె. ఆమెకు రెండు గులాబీలు ఇచ్చాను. తోటల్లో ఉన్నవాళ్లు తాగడానికి మా మిషన్ దగ్గరికో నల్లా ఉన్న చుట్టాల ఇంటికో పోవడం మొదలుపెట్టారు. వానాకాలానికి నాలుగు తోటల్లో పెంటకుప్పల కింద షాబాద్ బండలు పడ్డాయి.

పిల్లకు ఆరు నెలలు నిండిన వారం మా బిడ్డ వచ్చింది. కారు దిగేటప్పుడు దాని భుజాన నీళ్ల సీసా ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లు. నేను చూశాను, ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం నాకు ఎంత కష్టమో మా ఆయనను అడగండి.

పట్టీల డబ్బా బల్ల మీద పెట్టి పక్కకు జరిగాను. మా బిడ్డ తానే తీసింది, తానే ముంచింది. ఒక పట్టీ బోరు నీళ్లలో, ఒకటి ఆర్వో నీళ్లలో. నిమిషం ఫోన్‌లో చూసుకుంది. ఒకటి గులాబీ. ఇంకోటి తెలుపు. నమ్మకం కుదరక ఇంకో పట్టీ తీసి మళ్లీ ముంచింది. తెలుపే. వెనక పెరట్లోకి పోయి బోరు చుట్టూ తిరిగింది, కుప్ప ఉన్న జాగా చూసింది, అక్కడ ఇప్పుడు గడ్డి మొలిచి ఉంది.

తిరిగి వచ్చి భుజాన ఉన్న సీసా మూత తీసింది. అందులో నీళ్లన్నీ గులాబీ మొదట్లో పోసింది. ఖాళీ సీసా నా చేతికి ఇచ్చింది.

"నింపు అమ్మా" అంది. "పాప బట్టలు కార్ల ఉన్నయి, తెస్త. సోమవారం నుంచి నేను డ్యూటీకి పోవాలె."

 

ఆర్వో నీళ్లు సొట్ట గంజులో పోసి పొయ్యి మీద పెట్టాను. తెర్లు వచ్చి తళతళా మరగగానే దించాను. నీళ్లు గీతకు చాలా పైన ఉన్నాయి. చల్లారాక పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని వెండి చెంచాతో మొదటి చుక్కలు పెదాలకు తాకించాను. అది ముఖం చిట్లించి, సగం నా చీర మీద ఊసింది. తర్వాత చెంచా కోసం చెయ్యి చాపి నోరు తెరిచింది. లోపల చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండో చెంచా పోశాను.